పండక్కని దాచిన చీరలు ఇప్పుడే కట్టుకో

ప్రశ్న:

అక్కా, నమస్తే. మాది విజయనగరం జిల్లా రాజాం దగ్గర పల్లెటూరు. నాకు 34 ఏళ్ళు. రాజాంలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మా ఆయన హైదరాబాద్‌లో ఏసీలు రిపేరు చేస్తారు. మిగతా పండగలకి కుదరకపోయినా సంక్రాంతికి తప్పకుండా వస్తారు. ఇంట్లో నేను, అత్తయ్య, ఏడో తరగతి పాప, మూడో తరగతి బాబు ఉంటాం. ప్రతి ఏడూ దీపావళి వెళ్ళిందంటే నా మనసు ముడుచుకుపోతుంది. మంచులో స్కూటీ మీద వెళ్ళటం, చీకటి పడే వేళకి ఇంటికి చేరటం. ఇంట్లో పాత నైటీ, దాని మీద ఎప్పటిదో స్వెటర్. పొద్దున్న ఇడ్లీ, రాత్రికి పొద్దుటి పప్పే. కొత్త చీరలు మూడున్నాయి కానీ పండక్కని బీరువాలోనే పెట్టాను. మొన్నొక రోజు కాస్త మంచి చీర కట్టుకుని బయల్దేరితే ఎదురింటావిడ "మొగుడు ఊళ్ళో లేడు కదా, ఈ సోకులు ఎవరి కోసం?" అంది. ఆ రోజంతా ఏడుపొస్తూనే ఉంది. పండగ మూడు రోజులూ ఇల్లు కళకళలాడుతుంది, ఆయన బస్సెక్కగానే మళ్ళీ మామూలే. పిండివంటలు ముందే కొన్ని చేద్దామంటే అత్తయ్య ఒప్పుకోరు. నేను పెద్దగా ఖర్చు పెట్టలేను. ఈ చలికాలం కాస్త ఉత్సాహంగా గడిచే దారి చెప్పండి.
– ఒక చెల్లెలు, రాజాం మండలం

సమాధానం:

చెల్లీ, నువ్వు అక్కా అని పిలిచావు కాబట్టి నేనూ చనువుగానే రాస్తున్నాను.

నీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నా చూపు ఆ మూడు చీరల దగ్గర ఆగిపోయింది. చీరలొక్కటే కాదు, నువ్వు చాలా దాచేశావు. మంచి బట్ట పండక్కి, నాలుగు రకాల వంట పండక్కి, తలలో పూలు పండక్కి, ఇంట్లో నవ్వులు కూడా పండక్కే. దీపావళి నుంచి శివరాత్రి దాకా ఉన్న కాలాన్నంతా తీసుకెళ్ళి భోగి, సంక్రాంతి, కనుమల మీద పెట్టేస్తే ఆ మూడు రోజులు మాత్రం ఎంతని మోస్తాయి? మిగతా రోజులు బోసిపోక ఏం చేస్తాయి? నీకు నేను చెప్పదలచుకున్నది ఇదే. దాచింది తియ్యి. వారానికి కొంచెం చొప్పున ఖర్చు చెయ్యి. నేననేది డబ్బు ఖర్చు గురించి కాదని నీకు తెలుసు.

మనసు ముడుచుకుపోవటం నీ ఒక్కదాని తప్పేమీ కాదు. "కార్తీకంలో కడవ కడగ పొద్దుండదు, మార్గశిరంలో మాటలాడ పొద్దుండదు, పుష్యంలో పూస గుచ్చ పొద్దుండదు" అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. పైగా రాష్ట్రానికి మనది తూర్పు కొస. డిసెంబరు మూడో వారంలో మనకి ఐదున్నర లోపే పొద్దు గూకిపోతుంది. అదే రోజు హైదరాబాద్‌లో మీ ఆయనకి ఇంకో ఇరవై నిమిషాలు వెలుతురుంటుంది. నువ్వు ఏడున్నరకి మంచులో బయల్దేరి, రోజంతా తరగతి గదిలో ఉండి, సంధ్య వేళకి ఇల్లు చేరుతున్నావు. అంటే అసలు ఎండే నీ ఒంటికి తగలటం లేదు. మధ్యాహ్నం అన్నం స్టాఫ్ రూములో కాకుండా బయట ఎండలో కూర్చుని తిను. ఆదివారం పొద్దున్న వంటింటి పని కాస్త వెనక్కి నెట్టయినా సరే, పదింటి ఎండలో అత్తయ్య పక్కన కూర్చో. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ తేడా నీకే తెలుస్తుంది.

ఎదురింటావిడ మాట దగ్గరికి వద్దాం. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పని కోసం హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్ళిన మగవాళ్ళు లేని వీధి ఉందా? ఏడాదిలో పదకొండు నెలలు ఆడవాళ్ళే ఇల్లు నడుపుతున్న ఊళ్ళు మనవి. మొగుడు వలస వెళ్ళటం మైల కాదు. ఆయన ఊళ్ళో లేడని నువ్వు వెలిసిపోయిన బట్టలో తిరిగితే ఆయనకొచ్చే లాభం ఏమీ లేదు. ఆవిడ మళ్ళీ అడిగితే "నా కోసమే పిన్నీ" అని నవ్వుతూ చెప్పి బండి తియ్యి. గొడవ పడొద్దు, సంజాయిషీ కూడా ఇవ్వొద్దు. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకో. ఏడో తరగతి పిల్ల ఇదంతా చూస్తోంది. వాళ్ళమ్మ ఎవరో అన్న మాటకి చీర మార్చుకుందా, మార్చుకోలేదా అన్నది ఆ పిల్ల మనసులో ఉండిపోతుంది.

ఇక దారి అడిగావు. కొత్తగా కనిపెట్టక్కర్లేదు, అది మన ఇళ్ళలోనే ఉంది. మార్గశిర లక్ష్మివారాలు, అంటే ఆ నెలలో వచ్చే గురువారాలు. విశాఖలో కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి ఆ నెలంతా కిటకిటలాడుతుంది. మన వైపు చాలా ఇళ్ళలో ఆ నెల లక్ష్మివారాలకి నోము ఉంటుంది. మీ అత్తయ్యకి తప్పకుండా తెలిసే ఉంటుంది, అడిగి చూడు. ఆ నోములో ఏ వారానికి ఏ నైవేద్యమో ముందే చెప్పి పెట్టారు. మొదటి లక్ష్మివారం పులగం. రెండోవారం అట్లు, తిమ్మనం (బియ్యప్పిండి, బెల్లం, కొబ్బరితో చేసే పాయసం లాంటిది). మూడోవారం అప్పాలు, పరమాన్నం. నాలుగోవారం చిత్రాన్నం, గారెలు. పుష్యంలో వచ్చే తొలి లక్ష్మివారానికి పూర్ణం బూరెలు. చూశావా, చీకటి ఎక్కువగా ఉండే ఆ రోజుల్లోనే వారానికో రుచి వచ్చేలా పెట్టారు, అదీ తేలికైన వంటతో మొదలుపెట్టి వారం వారం పెంచుకుంటూ. పండగకి నెల ముందు నుంచే వంటిల్లు మెల్లగా వేడెక్కుతుంది.

పిండివంటలు ముందే వద్దని అత్తయ్య అంటే అందులోనూ న్యాయం ఉంది. అరిసెలు పండక్కే ఉండనియ్యి. తడిపిండి కొట్టించటం, పాకం పట్టటం, ఒకరు వత్తుతుంటే ఒకరు నూనెలోంచి తీసి చెక్కల మధ్య నొక్కటం, ఇదంతా నలుగురు కూడి చేసే పని. మీ ఆయన వచ్చాకే దానికి అందం. ఆవిడ కాపాడుతున్నది ఆ అందాన్నే అనుకుంటాను. కానీ లక్ష్మివారం నైవేద్యానికి ఆవిడ ఎందుకు వద్దంటారు? "అత్తయ్యా, తిమ్మనం మీరెలా చేసేవారు?" అని అడిగావంటే ఆవిడే ముందు కొబ్బరి కోరటానికి కూర్చుంటారు.

లక్ష్మివారం నీకు స్కూలుంటుంది, తెలుసు. అందుకే బుధవారం రాత్రే సగం పని ముగించు. పులగానికైతే అసలు శ్రమే లేదు. రెండు వంతుల బియ్యానికి ఒక వంతు పెసరపప్పు తీసుకుని, పప్పు దోరగా వేయించి, కుక్కర్లో మామూలు అన్నానికి పోసే దానికంటే కాస్త ఎక్కువ నీళ్ళు పోసి పెట్టెయ్యి. నేతిలో మిరియాలు, జీలకర్ర, కాస్త అల్లం తరుగు, కరివేపాకు వేయించి పైన వెయ్యి. పిల్లల క్యారేజీల్లోకి కూడా అదే. గారెలు, బూరెల వారాల్లో పొద్దున్న దేవుడికి బెల్లం ముక్క పెట్టి, అసలు వంట సాయంత్రం చేసుకోండి. అమ్మవారు ఏమీ అనుకోదు. సాయంత్రం ఆరింటికి బయటంతా చీకటి పడి, లోపల బూరెల మూకుడు పొయ్యి మీదుంటే పిల్లలు టీవీ వదిలేసి వంటింట్లోకి వస్తారు.

మూడు చీరలూ మూడు లక్ష్మివారాలకి కట్టుకో. మిగతా వారాలకి బీరువా అడుగున పెళ్ళినాటి చీరలు ఉండే ఉంటాయి. పండక్కి కొత్తచీర ఉండదే అనుకోకు. మీ ఆయన ఎలాగూ తెస్తాడు. తేకపోయినా ఒకసారి కట్టిన చీర పాతదైపోదు.

ఇప్పుడు బట్టల సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మనవాళ్ళు చలికాలం అనగానే ఉత్తరాది వాళ్ళలాగా లావుపాటి ఉన్ని కొనేస్తారు. మన చలి అలాంటిది కాదు. మైదానంలో రాత్రి 17, 18 డిగ్రీలకి దిగితేనే మనకి వణుకు. పది గంటలకల్లా మళ్ళీ ఎండ చురుక్కుమంటుంది. తెల్లారి వేసుకున్న లావు స్వెటర్ తరగతి గదిలో చెమట పట్టిస్తుంది. అందుకని ఒక్క మందపాటి బట్ట కంటే రెండు మూడు పల్చటి పొరలు మేలు. పొరల మధ్య చిక్కుకున్న గాలే వెచ్చదనాన్ని నిలుపుతుంది, ఎండెక్కాక ఒక పొర తీసేసి సంచిలో పెట్టుకోవచ్చు. చీర లోపల లంగా కింద లెగ్గింగ్ వేసుకో, స్కూటీ మీద కాళ్ళకి చలి తగలదు. జాకెట్టు నిండు చేతులది కుట్టించుకో. వెల్వెట్ జాకెట్టు ముక్క ఒక్కటి, ముదురు మెరూన్‌దో నెమలికంఠం రంగుదో తీసుకుంటే నీ దగ్గరున్న నాలుగైదు నేత చీరల మీదికి వస్తుంది. చూడటానికి దర్జాగా ఉంటుంది, చేతులకి వెచ్చగానూ ఉంటుంది.

స్వెటర్ విషయంలో చాలామంది చీరంతా కట్టుకుని పైన స్వెటర్ తొడిగేస్తారు. దాంతో చీర అందం మొత్తం లోపలికి పోతుంది. బొత్తాల స్వెటర్ సన్నటిది తీసుకుని, జాకెట్టు మీద వేసుకుని బొత్తాలు పెట్టేసి, దాని పైనుంచి పమిట వేసి భుజం దగ్గర పిన్ను పెట్టు. కుచ్చిళ్ళు, పమిట, అంచు అన్నీ బయటికి కనిపిస్తాయి. అద్దంలో చూసుకో, నీకే నచ్చుతుంది. చెవులకి మంకీ క్యాప్ కంటే రంగు స్కార్ఫ్ మంచిది. కాళ్ళకి చెప్పుల బదులు సాక్సు, బూట్లు వేసుకుంటే ఎవరేమనుకుంటారో అని బెంగ పడకు, ఆ మంచులో పాదాలు పగలకుండా ఉండటం ముఖ్యం.

రంగుల్లో మాత్రం మొహమాటం వద్దు. మంచు కురిసే పొద్దున బూడిద రంగు, గోధుమ రంగు కట్టుకుంటే మనిషి మంచులో కలిసిపోతుంది. ఆవపువ్వు పసుపు, పండుమిరప ఎరుపు, చిలకాకుపచ్చ, ఇలాంటివి కట్టు. బండి మీద వెళ్ళేటప్పుడు ఎదుటి బండివాడికి దూరం నుంచే కనిపిస్తావు, అదొక రక్షణ కూడా. తలలో పూల గురించి చెప్పక్కర్లేదు, ఇది చామంతుల కాలం, డిసెంబరాల కాలం. పెరట్లో ఒక డిసెంబరం మొక్క ఉందంటే రోజూ మాల కట్టుకోవచ్చు. పాపకి మాల కట్టటం వచ్చా? రాకపోతే ఈ నెలలో నేర్పు.

ఇంటి దగ్గర వేసుకునే ఆ పాత నైటీ గురించి కూడా ఒక మాట. దాన్ని తీసి వంటింటి మసిగుడ్డలకి వాడేసెయ్యి. స్కూలు నుంచి రాగానే కాళ్ళూ చేతులూ వేడినీళ్ళతో కడుక్కుని, ఉతికిన మంచి కాటన్ చుడీదారో మెత్తటి చీరో కట్టుకుని దీపం పెట్టు. రోజులో నిన్ను ఎక్కువసేపు చూసేది నీ పిల్లలే, ఆ తర్వాత రాత్రి వీడియో కాల్‌లో మీ ఆయన. వాళ్ళకి చూపించేది పాత నైటీ, బయటివాళ్ళకి చూపించేది మంచి చీర, ఇదెక్కడి లెక్క?

కొనాలనే ఉంటే ఒక్కటే చెప్తాను. రాజాం నుంచి పొందూరు ఎంతో దూరం లేదు. ఆ ఖద్దరు ఎలా తయారవుతుందో పిల్లలకి ఒకసారి చూపించు. కొండపత్తి గింజని పట్టుకుని, దాని చుట్టూ ఉన్న పీచుని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్ళ మధ్య నుంచి పీచు చిక్కు విడి, చెత్త రాలిపోయి, పొగమంచులా తేలిగ్గా బయటికొస్తుంది. ఆ తర్వాత ఏకటం, ఏకులు చుట్టటం, ఒకే కదురున్న రాట్నం మీద నూరో నెంబరు దాకా (నెంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం) సన్నటి నూలు వడకటం. అదంతా ఎక్కువగా ఆడవాళ్ళ చేతి పని. గాంధీజీ మెచ్చుకున్న బట్ట అది. చేత్తో వడికిన నూలు కాబట్టి పొద్దున్న వెచ్చగా ఉంటుంది, మధ్యాహ్నం ఉక్క పెట్టదు. మన చలికి అంతకంటే సరైన బట్ట నాకు కనపడలేదు. చీర ఖరీదెక్కువే, నిజం. ఈ ఏడాది పై కండువా ఒక్కటి తీసుకో. లేదంటే పండక్కి ఏం తెమ్మంటావని మీ ఆయన అడిగినప్పుడు, హైదరాబాద్ నుంచి మోసుకొచ్చే సింథటిక్ శాలువా వద్దు, వచ్చాక ఇద్దరం పొందూరు వెళ్దాం అని చెప్పు.

పైసా ఖర్చు లేని వెచ్చదనం ఇంకోటుంది. బొంత. పాత కాటన్ చీరలు ఇంట్లో ఎన్ని మూలపడి ఉంటాయో నాకు తెలుసు. చీర ఐదున్నర మీటర్లు, సగానికి మడిస్తే రెండు ముప్పావు మీటర్ల పొడవు, మీటరు పైచిలుకు వెడల్పు. ఒక మనిషికి చక్కగా సరిపోతుంది. మూడు చీరలు అలా మడిచి ఒకదాని మీద ఒకటి పరిస్తే ఆరు పొరలు. ముందు వాటిని ఉతికి ఎండలో ఫెళఫెళలాడేలా ఆరబెట్టు. అన్నిటికంటే అందమైన చీర పైకి రావాలి. అరుగు మీద పరిచి, ముడతలు లేకుండా నాలుగు పక్కలా లాగి, అంచుల వెంట పెద్ద పెద్ద టాకాలు వేసి బిగించు. ఆ తర్వాత ఒక అంచు నుంచి మొదలుపెట్టి, రెండు వేళ్ళ ఎడంలో వరసలుగా కుట్టుకుంటూ పోవటమే. దారం చీర రంగుకి ఎదురు రంగుదైతే ఆ కుట్టే డిజైనవుతుంది. ఇది ఒక్కరోజు పని కాదు, ఆదివారాల పని. అత్తయ్యకి కీళ్ళ నొప్పులున్నా ఎండలో కూర్చుని ఒక వరస కుట్టగలరేమో చూడు, లేదా ఎక్కడ వంకరపోయిందో చెప్పటానికైనా ఆవిడ పక్కనుండాలి. ఆవిడ చీర ఒకటి, నీది ఒకటి, పాప పాత పరికిణీ ముక్క ఒకటి అందులో ఉండేలా చూసుకోండి.

వంట గురించి నీ బాధ నాకు బాగా అర్థమైంది. పొద్దుటి పప్పే రాత్రికి వేడి చేసుకోవటం అంటే ఒంటి చేత్తో ఇల్లు నడిపే ఏ ఆడదానికైనా తప్పని పని. రోజూ కొత్తగా వండమని నేను చెప్పను. వారానికి రెండు వంటలు చాలు, చలిని చూసి చేసినవి.

మొదటిది ఉలవచారు. శుక్రవారం రాత్రి గిద్దెడు ఉలవలు రాళ్ళు ఏరి నానబెట్టు. శనివారం సాయంత్రం ఏడెనిమిది రెట్లు నీళ్ళు పోసి కుక్కర్లో పది పన్నెండు కూతలు రానిచ్చి, తర్వాత సన్న సెగ మీద ఇంకో పావుగంట ఉంచు. కట్టు వడకట్టేసి, అందులో చింతపండు పులుసు, ఉప్పు, కారం, చిటికెడు పసుపు, చిన్న బెల్లం ముక్క వేసి, గరిటె తీస్తే అంటుకునేంత చిక్కబడే దాకా మరిగించు. ఇక్కడ తొందరపడితే చారు పల్చగా, పచ్చివాసనతో ఉంటుంది. పోపులో వెల్లుల్లి ధారాళంగా దంచి వెయ్యి. వేడన్నంలో ఆ చారు, పైన గరిటెడు మీగడ. రెండో రోజుకి ఇంకా రుచి. మిగిలిన ఉలవల్ని ఉల్లిపాయ, ఎండుమిర్చితో పోపు పెడితే పిల్లలకి సాయంత్రం గుగ్గిళ్ళు. ఒక్క గిద్దెడు ఉలవలతో రెండు పూటల చారు, ఒక పూట తిండి.

రెండోది కూర. ఈ కాలంలో కొత్తిమీర ఘాటుగా, చవగ్గా దొరుకుతుంది, లేత వంకాయలూ అంతే. ఒక పెద్ద కట్ట కొత్తిమీర, నాలుగు పచ్చిమిర్చి, వేలెడు అల్లం, ఉప్పు కచ్చాపచ్చాగా నూరుకో. గుత్తి వంకాయలకి నాలుగు పక్షాలుగా గాటు పెట్టి నూనెలో మూతపెట్టి మగ్గించి, సగం మగ్గాక ఆ ముద్ద కూరి మళ్ళీ సన్న సెగన ఉంచు. ఇరవై నిమిషాల పని. మీరు తినేవాళ్ళయితే ఆదివారం అదే వంకాయలో ఎండు నెత్తళ్ళు వేసి పులుసు పెట్టు, ఇల్లంతా ఆ వాసనతో నిండిపోతుంది.

గుమ్మడికాయ, చిలగడదుంప, ములక్కాడ వేసిన బెల్లం పులుసు నీకు నేను చెప్పేదేముంది, మన ఇళ్ళలో పుట్టిన వంటే. దింపే ముందు బియ్యప్పిండి నీళ్ళలో కలిపి పోయటం మరచిపోకు. ఆ చిక్కదనమే చలికాలానికి కావాలి.

పొద్దున్న ఇడ్లీ ఉండనియ్యి కానీ బయల్దేరే ముందు వేడి చోడి (రాగి) జావ ఒక గ్లాసు తాగు. ఎండాకాలం అంబలి చల్లగా మజ్జిగతో తాగుతాం కదా, ఇప్పుడు అదే చోడిపిండి చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీళ్ళలో పోసి, ఐదు నిమిషాలు తిప్పి, బెల్లం, చిటికెడు శొంఠి, చివర్లో పాలు. పిల్లలు మొహం చిట్లిస్తే బెల్లం కాస్త ఎక్కువెయ్యి. అత్తయ్యకి రాత్రి భోజనంలో మిరియాల చారు వేడిగా పెట్టు, గొంతుకి హాయిగా ఉంటుంది.

తీపికి పిండివంటే కావాలా? నువ్వులు దోరగా వేయించి, చల్లారాక తురిమిన బెల్లంతో కలిపి దంచితే చిమ్మిలి. కప్పు నువ్వులకి ముప్పావు కప్పు బెల్లం. రోట్లో అయితే మరీ మంచిది, మిక్సీలో అయితే ఆపి ఆపి తిప్పు, లేకపోతే నూనె దిగి జిడ్డవుతుంది. పొయ్యి దగ్గర పని పది నిమిషాలే కాబట్టి ఇది పాపకి అప్పజెప్పు. ఒక డబ్బా మీ ఆయనకి కూడా ఆర్టీసీ పార్సిల్‌లో పంపండి. అక్కడ రూములో నలుగురు మగవాళ్ళు ఏం వండుకు తింటున్నారో నువ్వు రాయలేదు కానీ, కూతురు దంచిన చిమ్మిలి వచ్చిందంటే ఆయనకీ పండగ దాకా ఎదురుచూడాల్సిన పని ఉండదు. దారిలో తేగలు కనిపిస్తే మాత్రం బండి ఆపు. ఉడికించిన తేగల కట్ట ఒకటి ఇంటికి తెచ్చావంటే నారలు తీసుకుంటూ నలుగురూ గంటసేపు ఒకచోట కూర్చుంటారు.

పండగ వెళ్ళిన వారం గురించి ఇప్పుడే అనుకుని పెట్టుకో. ఆయన బస్సెక్కిన మర్నాడే నీకు అన్నిటికంటే బరువైన రోజు, అది నీ ఉత్తరంలోనే ఉంది. ఆ వారానికి ఒక మంచి చీర, చెయ్యని వంట ఒకటి కావాలనే మిగుల్చు. మిగిలిన అరిసెలు ముక్కలు చేసుకుని తినటం మాత్రమే ఆ వారం భోజనం కాకూడదు. ఆ తర్వాత ఎలాగూ రథసప్తమి వస్తుంది. పెరట్లో పిడకల మీద పాలు పొంగించి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టటం పిల్లలకి ఎంతో సరదా. అరసవల్లి వెళ్ళాలనుకుంటే సప్తమి నాడు జనం విపరీతంగా ఉంటారు, అత్తయ్యతో అయితే ఆ హడావిడి తగ్గాక మామూలు రోజున వెళ్ళండి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది, ఈలోపు బొంత కూడా పూర్తవుతుంది.

ఇంకో మాట, ఇది నిజంగా పట్టించుకో. ఇవన్నీ చేసినా రెండు వారాలకి పైగా నిద్ర పట్టకపోవటం, ఆకలి లేకపోవటం, దేని మీదా మనసు నిలవకపోవటం, ఊరికే ఏడుపు రావటం ఉంటే అది చలి అనుకుని సరిపెట్టుకోకు. డాక్టర్‌కి చూపించుకో. మనసు బాగోనప్పుడు సాయానికి ప్రభుత్వం వాళ్ళ టెలీ మానస్ నెంబరు 14416 ఉంది, ఫోను ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. అలాగే అత్తయ్య దగ్గు, ఆయాసం లాంటివేమైనా ఉంటే చారుతో ఆపకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళు.

చివరగా, ఆ మూడు చీరలకి ఫాల్స్ వేయించావా? జాకెట్లు కుట్టించావా? పండక్కి నెల ముందు నుంచే టైలర్లు కొత్త బట్ట తీసుకోరు. ఈ శనివారమే స్కూలు నుంచి వస్తూ జాకెట్టు గుడ్డలు ఇచ్చెయ్యి, తొలి లక్ష్మివారానికి ఒక్కటైనా చేతికి రావాలని గట్టిగా చెప్పు.